ఆబిడ్స్ ఫుట్‌పాత్, ఆదివారం

అది కింద పెట్టెయ్యమ్మా.
అట్ట మీద కత్తి ఉన్నంత మాత్రాన
లోపల నెత్తురు ఉండదు.
ఇదిగో ఇటు, వంటల పుస్తకం కింద
వీపు చిరిగి పడున్నాడే, మామిళ్ళ సుదర్శనం,
చదివావా?

ఈయన దగ్గర తుపాకీ పేలదు.
నలభయ్యో పేజీ దాకా శవమే రాదు.
చిక్కడపల్లిలో ఓ వాటా, కారే కొళాయి,
అద్దెకోసం వచ్చి చెప్పులు మర్చిపోయిన మనిషి.
ఆ చెప్పుల దగ్గర ఆగు.
నేను ఆగలేదు.

ఆరా తీసేది పోలీసు కాదు,
కరెంటు మీటర్లు చూసే వీరేశం.
ఎవరింట్లో ఏ నెల
రాత్రుళ్ళు నిద్రలేదో
అతనికి అంకెల్లో తెలుసు.
హంతకుణ్ణి పట్టించి కూడా
బిల్లు చేతిలో పెట్టే వెళ్తాడు.
మొదటి నవల్లో హంతకుడు
అచ్చం మా మేనమామలా దగ్గుతాడు.
ఆ ఏడాది మేం వాళ్ళింటికి వెళ్ళలేదు.

ఖలీల్ భాయ్ వింటూనే ఉన్నాడు.
ముప్ఫై అన్న పుస్తకం
నా నోరు మూతపడేసరికి ఎనభై.
"మీరే కదా సార్ బాగుందన్నది!"
నేరం నాదే. యాభై నేనిస్తా, తీసుకో.

చివరి పేజీ ఉందేమో చూడు.
వద్దు, చూడకు, చూసినా చెప్పకు.
నా కాపీలో లేదు.
పందొమ్మిదేళ్ళుగా
నాకు వీరేశం మీదే అనుమానం.