బెత్తెడు సందు

రాత్రి పది దాటాక
సింగపూర్ విమానం వచ్చి పసుపు గీత మీద ఆగుతుంది.
నేను గాజు గదిలో నిలబడి పిడిని ముందుకు వంచుతాను.
వంతెన కదులుతుంది,
కొత్త రేవులో నీళ్ళు తాగబోయే గేదెలా
ఆగి, వాసన చూసి, మళ్ళీ ఆగి.
ఎంత దగ్గరకి తోలినా
విమానానికీ వంతెనకీ మధ్య బెత్తెడు సందు వదలాలి.
అది రూలు.
సామాను ఎక్కిస్తే విమానం కుంగుతుంది, దింపితే లేస్తుంది,
ఒరుసుకుంటే తలుపు విరుగుతుంది.

ఆ సందులోంచి గాలి వస్తుంది.
ముందు ఆయిలు వాసన,
దాని వెనక ఉప్పుటేరు బురద వాసన.
పైఊరివాళ్ళు ముక్కు మూసుకుంటారు.
మనవాళ్ళు ఒక్క క్షణం ఆగుతారు.

ఇదే వంతెన పొద్దున్న హైదరాబాదుకి.
చివర ఒక గాజు తలుపు ఉంది,
ఇటు తిప్పి తాళం వేస్తే స్వదేశం,
అటు తిప్పి వేస్తే పరదేశం.
తాళంచెవి భద్రత డ్యూటీ జునాలీ దగ్గర ఉంటుంది.
అస్సాం పిల్ల. తిప్పిన ప్రతిసారీ
"అయ్యింది అక్కా, దేశం మార్చాను" అంటుంది
వచ్చీరాని తెలుగులో.

మరమ్మతుకొచ్చిన సాల్మన్ గారు చెప్పారు:
భూమికి అటువైపెక్కడో
ఒక విమానాశ్రయం ఒక దేశంలో ఉందట,
దాని గుమ్మం ఇంకో దేశంలో.
నడుమ కాలి వంతెన.
పెట్టెలు దొర్లించుకుంటూ జనం నడిచి పోతారట.
వంతెన నేల మీద గీత ఉంటుందట,
పిల్లలు చెరో కాలూ చెరోవైపు వేసి ఫొటోలు దిగుతారట.

జాలారిపేటలో మా వాకిట్లో
వల బాగుచేసుకుంటూ విన్నాడు నాన్న.
నూలు పంటితో తెంపి
"గీత కనబడతాదా?" అన్నాడు.
కనబడుతుందట నాన్నా, రంగేసి ఉంటుందట.
"అలాగైతే మంచోలే" అన్నాడు.

మా నాన్న మైలపల్లి ఎల్లాజీ.
ఇంజను ఆగిన బోటులో నాలుగు రోజులు కొట్టుకుపోయి
అయిదో రోజు ఏ గీత దాటాడో ఆయనకి తెలీదు.
నీళ్ళ రంగు మారలేదు.
వలలో అవే కవ్వళ్ళు.
తుపాకుల పడవ వచ్చి చెప్పాకే తెలిసింది
వేరే దేశం వచ్చేశామని.
పదకొండు నెలలు.
అన్నం అడగడానికి వాళ్ళ భాషలో ఒక మాట,
ఉత్తరం వచ్చిందా అని అడగడానికి ఒకటి,
ఆ రెండే నేర్చుకొచ్చాడు.
ఇప్పటికీ జ్వరమొస్తే రెండోది కలవరిస్తాడు.

నాన్నకి పాస్‌పోర్టు లేదు.
ముద్ర లేకుండా వెళ్ళాడు, ముద్ర లేకుండా వచ్చాడు.
మా ఇంట్లో ఆ పదకొండు నెలలు ఏ కాగితంలోనూ లేవు,
అమ్మ కుదువపెట్టిన కమ్మల చీటీలో తప్ప.

"నీ వంతెన ఎన్ని బారలుంటాది?" అని అడిగాడొకసారి.
విమానం ఆలస్యమైన రాత్రి
గోడకానుకుని చేతులు చాపి కొలిచాను,
జునాలీ నవ్వుతూ లెక్కపెట్టింది.
పద్దెనిమిది బారలు, మీద ఒక మూర.
చెబితే చాలాసేపు ఏమీ అనలేదు.
"పద్దెనిమిది బారల్లో
వల కూడా తడవదే" అన్నాడు.

విమానాలన్నీ భోగాపురం పోతాయంటున్నారు.
ఈ వంతెనని విప్పి తీసుకెళ్తారో, ఇనుముకి అమ్ముతారో.
నన్ను తీసుకుంటారో లేదో అదీ తెలీదు.

నిన్న రాత్రి దిగుతూ
ఓ చంటిపిల్ల సందు చూసి జడిసి ఎగిరి దూకింది.
కాలు ఇవతల పడింది, చెప్పు సందులో పడింది.
వెనక జనం. తల్లి ఆగలేదు.
సామాన్ల అప్పలసూరి కింద వెతికి తెచ్చేసరికి
వాళ్ళు ముద్ర వేయించుకుని వెళ్ళిపోయారు.
ఎర్ర చెప్పు, నా అరచేయంత.
దీనికి ఏ ఫారం నింపాలో ఎవరికీ తెలీలేదు.
నా పిడి పక్కన పెట్టుకున్నాను.

నాన్నకి చెప్పాను.
వల మీంచి తలెత్తకుండానే
"పారీకు" అన్నాడు,
"ఎవులో ఒకలు ఉత్తరం రాస్తారు."