ఇనుప పూస

పేరు స్కొలాస్టిక.
మా ఊరి నాలుకకు అది ఎక్కలే,
కాలాస్తమ్మ అన్నరు, అదే ఖాయమైంది.
ఫిరంగిపురం దిక్కు నుంచి వచ్చిందట.
మొదట్ల "ఎలా ఉన్నారండీ" అంటుంటే
పత్తి ఏరే ఆడోళ్లు కొంగు నోట్లె కుక్కుకొని నవ్వెటోళ్లు.
రెండు వానకాలాలు తిరగకముందే
"ఏందే, గోళీలు మింగినవా లేదా" అని గదమాయించుడు నేర్చింది.

పరకాల రోడ్డు మీద నా మెకానిక్ షెడ్డు.
ఆమె లూనా నెలకు రెండుసార్లన్న నా దగ్గర పండుకునేది.
చైను తెగేది, ప్లగ్గుల బురద,
ఒకసారి సైలెన్సర్ల కందిరీగ గూడు పెట్టింది.
పైసలు వద్దంటే
"మీ మల్లన్న పేరు చెప్పుకొని తీసుకో" అనేది,
మాది ఏటా పట్నం వేయించే ఇల్లని ఆమెకెరుక.
విభూతి బుధవారం నాడు నొసట బూడిదతోటి వస్తే
"మీకూ ఉంటదా ఇది?" అనడిగిన.
"మట్టికి పోయేదాన్ని గదా, యాదికి" అని
బ్రేకు వైరు చూడమన్నది.

పచ్చపురుగు పత్తిని తిన్న ఏడు.
చెప్పబుద్ధి కాదు, అయినా చెప్త.
చేను గట్టు మీద మా నాయన మోనో డబ్బా ఎత్తిండు.
బండిల ఏసుకొని ఆమె దవఖానకు తెచ్చేసరికి
నోట్లె నురగ, కంటిపాప ఆవగింజంత.
డాక్టరు లేడు. వరంగల్ బస్సు తెల్లారితేగాని లేదు.
ఆమె చేతులకు తొడుగులు కూడ వెతుక్కోలే.
గొట్టం దించి, నీళ్లు పోసి, వంచి, మళ్లీ పోసి,
బూడిదరంగు చీర నిండ ఆ వాసన.
తెల్లందాక కూసున్నది.
కుడిచేతిల ఆయన నాడి, ఎడమచేతిల జపమాల,
ఏది లెక్కపెడుతున్నదో నాకు తెలువలే.

నాయన లేచిండు.
పక్క మంచంల పోరడు లేవలే,
పెండ్లయి మూడు నెలలు.
ఆమె వాని కండ్లు మూసి
బోరింగు కాడ చాలసేపు చేతులు కడుక్కున్నది.
హ్యాండిలు కొట్టింది నేనే.
అప్పుడు చూసిన, మాల తెగి
పూస ఒకటి పోయింది.

మంచాల కింద, మెట్ల మీద వెతికినం. దొరకలే.
మర్నాడు లూనా ముందు చక్రం బేరింగుల నుంచి
ఒక గుండు తీసి
రాగితీగ అల్లి ఆ ఖాళీల కట్టిన.
నల్లటి కట్టెపూసల నడుమ అది మెరుస్తుంటే
తప్పు చేసిన్నేమో అని భయమైంది.
ఆమె వేలితోటి దొర్లించి చూసి
"బరువున్నది" అన్నది, అంతే.

ఎందుకు తాగినవని నాయనను ఏనాడు అడగలే.
గురువారం గురువారం వచ్చి
మా గడప మీద కూసొని జొన్నరొట్టె పెట్టమనేది,
కారం ఎక్కువైతే తిట్టేది.
అప్పుల లెక్క ఆయనతోటే పలక మీద రాయించి
తప్పులు దిద్దేది.
మా నాయనకు అరవై ఏండ్లకు గుణకారం వచ్చింది.

ఇప్పుడు కాజీపేటల, ఫాతిమానగర్ దిక్కు,
ముసలి సిస్టర్లుండే మఠంల ఉన్నది.
పేర్లన్నీ పోయినయి.
రైలు కూతను బట్టి పొద్దెంతయిందో చెప్తదట,
అదీ తప్పే చెప్తదట.
మొన్న పోతే నన్ను పోల్చుకోలే.
చిన్న సిస్టరు చెవుల గట్టిగ చెప్పింది, లూనా, పరకాల, మెకానిక్కు,
ఊకె నవ్వింది.
కానీ నేను పక్కన కూసోంగనే
నా మణికట్టు అందుకొని
గడియారం లేని గోడ దిక్కు చూసింది.
నిమిషం అయినంక
"తిన్నవా?" అన్నది, మా యాసల్నే.

రెండో చేతిల మాల తిరుగుతున్నది.
ఇనుప పూస కాడికి రాంగనే బొటనవేలు ఆగింది.
మంగళవార్త జపం ఒకటి పట్టేంత సేపు కాదు,
చాలసేపు.
పెదవులు కదల్లే.
ఆ పూస మీద ఎవరున్నరో,
మా నాయనా, ఆ పోరడా,
అడిగితే మాత్రం ఏం చెప్తది?

తీగ ఒకతాన వదులై వేలికి గీరుకుంటున్నది.
నా జేబుల కటింగ్ ప్లేయరుంది.
తీయబోయి ఆగిన,
మాల ఆమె చేతిల నడుస్తున్నది గదా.
మళ్లొచ్చే గురువారం వస్తనని లేచిన.