రఫ్ఫు

మా నాన్న బెలార్మినో ఉన్ని కత్తిరించే గుంపుతో
పటగోనియా అంతా తిరిగేవాడు.
ఒకసారి, గాలి తప్ప ఇంకేమీ మొలవని చోట
లారీ టైరు మార్చడానికి దిగి
ఒక కాయ ఏరుకొచ్చాడు.
గుప్పిట్లో పట్టేంత. పొలుసులు గాలికి అరిగి నున్నబడ్డాయి.
చూస్తే నిన్ననే కొమ్మ నుంచి రాలినట్టుంది,
బరువు మాత్రం రాయిది.

అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి
మేజోడులోకి దూర్చింది.
మడమ దగ్గరి చిరుగు దాని మీద బిగుతుగా పరుచుకుంది.
"పనికొస్తుంది" అంది.
మా అమ్మ హెర్మెలిందా దేన్నైనా మెచ్చుకోవడం అంతవరకే.

ముప్పై రెండు చలికాలాల తర్వాత
అటవీశాఖ రోసౌరా మాతే తాగడానికి ఆగి
అమ్మ ఒళ్లో కాయను చూసి
గిన్నె కింద పెట్టేసింది.

ఇక్కడొక అడవి ఉండేదట.
కొండ పగిలి బూడిద కురిసిందట,
చెట్లకు కుళ్లే తీరిక కూడా ఇవ్వకుండా.
తర్వాత నీళ్లు.
ఏ తొందరా లేని నీళ్లు
బూడిదలోని సిలికాను కరిగించి మోసుకుంటూ
ఒక్కో కణం గోడ దగ్గరా ఆగి
అక్కడున్నది తీసి, తెచ్చింది పెట్టి...
ఉన్నదంతా ఒక్కసారే పోయుంటే గుంట మిగిలేది.
పోయేదీ వచ్చేదీ ఒకే గుమ్మంలో ఎదురుపడి
ఒకదానికొకటి దారిచ్చుకున్నాయి కాబట్టి
కాయ మిగిలింది,
కాయలో పిసరంత చెట్టయినా లేకుండా.

అమ్మ తలెత్తలేదు. పళ్లతో దారం కొరికింది.
"అంటే రఫ్ఫే కదా."

అది నాన్న ఎడమ మేజోడు.
మొదట అల్లింది బూడిద రంగు ఉన్నితో.
తర్వాత గోధుమరంగు, ఆ తర్వాత
నా చిన్నప్పటి స్వెటర్ విప్పిన ఎరుపు,
ఆ పైన ఎవరి గొర్రెదో తెలియని తెలుపు.
మొదటి పోగు ఒక్కటైనా ఉందేమోనని
ముగ్గురం దీపం కింద వెతికాం.
లేదు.
చిటికెనవేలి దగ్గర ఉబ్బు మాత్రం అలాగే ఉంది,
గుర్రం తొక్కితే విరిగి వంకరగా అతుక్కున్న వేలిది.
నాన్న పోయి అప్పటికి తొమ్మిదేళ్లు.
ఆ మేజోళ్లు నేనే తొడుక్కుంటాను.
అక్కడ నా వేలికి ఎప్పుడూ కాస్త ఖాళీ.

రోసౌరా ఫోనులో ఒక ఫొటో చూపించింది:
ఇలాంటిదే, రంపంతో అడ్డంగా కోసిన కాయ.
చుట్టూ వరసగా గింజలు,
ఒక్కో గింజలో తెల్లగా, పడుకున్న మొలక.
అమ్మ చాలాసేపు చూసింది.
"దీన్ని కూడా వదల్లేదా నీళ్లు?"
"వదల్లేదు."
"మంచి పని. మధ్యలో ఆపితే కుట్టు ఊడుతుంది."

ఇలాంటివి ఇంట్లో ఉంచుకోకూడదట, చట్టం.
అమ్మ సరేనని, ముందు మడమ పూర్తి చేసింది.
ముడి వేసింది. కాయను బయటికి తీసి
ఏప్రాన్‌కి తుడిచి ఇచ్చింది.

ఇప్పుడు మాడిపోయిన బల్బు మీద కుడుతోంది.
తేలిగ్గా ఉందని, జారుతోందని సణుగుతుంది.

మొన్న మ్యూజియంకి వెళ్లొచ్చాను.
అద్దం వెనక కాయ, కింద చీటీ మీద నంబరు,
పదహారు కోట్ల ఏళ్లని వయసు.
మూడో వరస పొలుసు కింద
ఎర్రటి పోగొకటి ఇరుక్కుని ఉంది.
వాళ్లింకా చూడలేదు.