బిస్కెట్ డబ్బా

సూది, దారం, ఊడిన గుండీల కింద
అయిదు సైజులు దాగున్నయి.
చిటికెన వేలంతది మొదటిది.
పెళ్లయి పందొమ్మిది నెలలు.

"నువ్వు కాదంటలేవు, కండరం కాదంటున్నది.
రెప్ప పడ్డట్టు, నిన్నడగకుండనే."
నారాయణగూడల మూడో అంతస్తు మీద
నౌషీన్ మేడం అన్నప్పుడు
ఏడ్వలేదు. కిందికొచ్చి
మెట్రో పిల్లర్ నీడల నిలబడి
చెరుకురసం తాగిన. రెండు గ్లాసులు.

అంతకుముందు డాక్టరమ్మ
"కొంచెం ఓర్చుకోవాలె తల్లీ" అన్నది.
అమ్మ తాయెత్తు కట్టిచ్చింది.
ఆడబిడ్డ క్యాలెండర్ దిక్కు చూసింది.
సుధీంద్ర మాత్రం ఏమనలేదు.
ఆ ఏమనకపోవుడే
మా ఇద్దరి నడుమ మూడో దిండు.

రాత్రి పది. గడియ పెట్టి, ఫ్యాన్ అయిదు మీద.
ఊపిరి వదులు, ఇంకా వదులు.
అమ్మమ్మ ఎప్పుడో చెప్పిన
"కాళ్లు దగ్గర పెట్టుకొని కూసో"ను
బిగిసిన పిడికిలి లెక్క
ఒక్కో వేలు విడదీస్తున్న.
కొన్ని రాత్రులు రెండోదాన్ని కూడ రానియ్యదు ఒళ్లు.
డబ్బా మూసి, టీవీ చూస్త.

నిన్న మూడోది.
నొప్పి లేదు. అంటే
ఏం లేదని కాదు. నేనున్న, అక్కడ,
మొదటిసారి, ఇంటిదాని లెక్క.

తలుపు తీసి చెప్పిన.
అంట్లు తోముతున్నడు, సబ్బు చేతులతోనే తిరిగిండు.
"ఇయ్యాల ఇంకేం వద్దు" అన్న.
"సరే" అని, గ్లాసు కడిగి బోర్లించిండు.

పొద్దుగాల అత్తమ్మ
గుండీ కోసం డబ్బా అడిగింది.
అంగీ ఇటియ్యుండ్రి,
నేనే కుట్టి ఇస్త అన్న.