పిక్కకి గుర్తుంది

మొరిగే కుక్క కరవదన్నవాడెవడో
ఒక్కరోజైనా ఉత్తరాలు పంచి ఉండడు.

నా ఎడమ పిక్క మీద పదకొండు కుట్లు.
శాన్ ఆంటోనియో పడమటి వాడలో
పంతొమ్మిదేళ్లుగా ఇదే సంచీ, ఇదే ఎండ.
నంబరు రాలిపోయిన ఇళ్లని
కుక్కల్ని బట్టి పోల్చుకుంటాను.
చెవి చిరిగిన ఎర్రది కనిపిస్తే సెపెదా గారిల్లు.
మూడుకాళ్లది కుంటుతూ వస్తే చర్చి వెనక సందు.
టైర్ల షాపు నీడలో పడుకునే చూలుకుక్క
ఎవరిదీ కాదు.
అందరూ రొట్టెముక్క విసురుతారు,
పేరు మాత్రం ఎవరూ పెట్టలేదు.

బడి భోజనాల గదిలో మీటింగన్నారు.
పిల్లల బెంచీల మీద, మోకాళ్లు గడ్డానికి తగిలేలా
ఇరుక్కుని కూర్చున్నాం.
జంతు సేవల ఆఫీసరు డెల్ఫీనా ఆరెదోందో
గోడకి మ్యాపు అంటించింది.
ఫిర్యాదుకో ఎర్రచుక్క.
మా వాడకి తట్టు పోసినట్టుంది.

"ఎప్పుడు ఫోన్ చేశాం, ఎప్పుడొచ్చారు?" అని ఒక గొంతు.
"వచ్చి చేసేది చంపడమేగా" అని ఇంకోటి.
ఆమె దేన్నీ కాదనలేదు.
"మాకున్న వ్యాన్లు ఇన్నే, బోనులు ఇన్నే.
చుక్కలు మావి. వీధులు మీవి" అని
మార్కరు బల్ల మీద పెట్టి వెనక్కి జరిగింది.

మార్కరు చాలాసేపు అలాగే పడి ఉంది.
మా దగ్గర చెప్పడమంటే చాడీలే.
నగరం బండి గుమ్మంలో ఆగిందంటే
ఏదో ఒకటి ఎత్తుకుపోవడానికేనని
మా అమ్మమ్మల నాటి లెక్క.

చివరికి లేచింది యూస్తోలియా కాంటూ,
డెబ్బై ఆరేళ్ల మనిషి, చెప్పులు ఈడ్చుకుంటూ.
టైర్ల షాపు చుట్టూ సున్న చుట్టింది.
"ఈసారికి ఈననివ్వండి. ఇదే ఆఖరు కాన్పు చెయ్యండి.
తర్వాత తెచ్చి నాకే ఇవ్వండి."
కింద తన ఫోన్ నంబరు రాసింది,
అంకెలు వంకరగా, ఒకటి కొట్టేసి మళ్లీ.

తర్వాత నేను.
నా రూటంతా గీశాను. ఏ సందులో ఎన్ని,
ఏది ఎప్పుడు నిద్రపోతుంది, దేనికి పట్టీ ఉంది.
ఎర్రదాని దగ్గర చెయ్యి ఆగింది.
పిక్కకి అంతా గుర్తే.
సెపెదా గారి భార్య పోయిన ఏడే
గేటు గొళ్లెం ఊడిందన్నదీ గుర్తే.
ఆయన తన నడుం బెల్టుతో కట్టుకుంటాడు.
మధ్యాహ్నం ఎండకి అది సాగి జారుతుంది.
నేను ఆ వేళకే వెళతాను.

చుక్క పెట్టలేదు.
'గేటు' అని రాశాను.

శనివారం వ్యాను వచ్చింది.
సెపెదా గారు చేతికర్ర అడ్డంపెట్టి నిలబడ్డాడు,
దొడ్డ గొంతుతో వద్దంటూ.
డెల్ఫీనా వెనక తలుపు తీసింది.
బోను లేదు. ఉచ్చుకర్ర లేదు.
తీగచుట్ట, పట్టకారు, డబ్బాడు మేకులు.
"గొళ్లెం ఏ సైజు కావాలండీ?" అంది.
ఆయనకి వెంటనే అర్థం కాలేదు.
టైర్ల షాపు కుర్రాళ్లు గుంజలు పట్టుకున్నారు.

మరుసటి వారం చర్చి ఆవరణలో టీకాలు.
తాళ్లతో, టైలతో, ఒక పాప తాడాట తాడుతో
కుక్కల్ని నడిపించుకొచ్చారు.
ఒకదాన్ని చంటిబిడ్డ బండిలో తోసుకొచ్చారు.
దానికి సిగ్గేసినట్టు తల దించుకుంది.

అన్నీ బాగుపడ్డాయనను.
ఆపరేషన్ వరసలో మూడుకాళ్లదాని వంతు వచ్చేసరికి
హైవే దాన్ని ముందే తీసుకుంది.
అపాయింట్‌మెంట్ చీటీ కవరులో వచ్చింది.
పంచింది నేనే.

ఎర్రది ఇప్పటికీ మొరుగుతుంది,
కంచెకి ఆ పక్క నుంచి, మునుపటి పౌరుషంతోనే.
ఈ పక్కన నా పిక్క
దానంతటదే బిగుసుకుంటుంది.
సెపెదా గారికి ఇవాళ కరెంటు బిల్లు.
పెట్టెలో వేసి,
గొళ్లెం ఒకసారి లాగి చూసి,
పక్కింటికి నడుస్తాను.