బకెట్ నిండా డిసెంబరు

రెన్‌మార్క్‌లో డిసెంబరంటే
నలభై రెండు డిగ్రీలు, మొహాన ఈగలు,
తలుపు ముందు చెప్పకుండా పెట్టిపోయిన బకెట్.
పెట్టింది స్టామటిస్ అని నాకు తెలుసు.
అడుగున గ్రీకు పేపరు,
అన్నిటికన్నా పైన ఒక దెబ్బతిన్న పండు,
ముందు దీని సంగతి చూడు, మిగతావి ఆగుతాయి, అన్నట్టు.

ఆస్పత్రిలో నా పని ఇదే చెప్పడం:
ఏప్రికాట్లో పీచుంది, పొటాషియం ఉంది,
కంటికి మంచిది, కడుపుకి మరీ మంచిది.
ఎండువైతే నాలుగు చాలు తాతగారూ,
ఐదోది మిమ్మల్ని రాత్రి లేపుతుంది.
వాళ్ళు నవ్వుతారు.
నేను చార్టులో టిక్కు పెడతాను.
చార్టు ఏనాడూ ఎవరి నోరూ ఊరించలేదు.

గుమ్మంలోనే నిలబడి దెబ్బపండు కొరికాను.
మధ్యాహ్నపు ఎండ ఇంకా లోపలే ఉంది.
రసం ముంజేతి మీదుగా జారి
గాజు దగ్గర కాసేపు ఆలోచించి
మోచేతి నుంచి రాలింది.

పదకొండేళ్ళు దీన్ని మామిడితో పోల్చి చిన్నబుచ్చాను.
పాపం, ఇది మామిడి అవుతానని ఎప్పుడన్నది?
పిడికిట్లో ఇమిడేది, నూగు చెంపలది,
తీపిగా పలకరించి
వెనకనుంచి పులుపుతో నిలదీసే మేనత్తలాంటిది.

గట్టికాయలు ఎనిమిది ఏరాను.
కందిపప్పు సగం ఉడికాక, తొక్కతోనే, ముక్కలు.
పచ్చిమిర్చి నాలుగు. పసుపు.
ఉప్పు మాత్రం నా వృత్తికి తగినంత, అంటే తక్కువ.
ఇంగువ తాలింపు చుర్రుమన్నప్పుడు
వంటిల్లు ఒక్క క్షణం
తను ఏ దేశంలో ఉందో మరిచిపోయింది.
తర్వాత కిటికీ బయట కాకటూలు అరిచి గుర్తుచేశాయి.

పక్కవీధి షమీమున్నీసాది ఆదోని.
ఆమె లెక్కలో పచ్చిపండు పండే కాదు.
ఎండు ఖుబానీ రాత్రంతా నానాలి,
నానిన నీళ్ళలోనే ఉడకాలి,
చక్కెర చివర్లో పడాలి, ముందేస్తే పండు మొండికేస్తుంది,
కలిపేటప్పుడు మాట్లాడకూడదు
అని కలుపుతున్నంతసేపూ చెబుతూనే ఉంటుంది.
గింజ పగలగొట్టి పలుకు పైన చల్లేదట వాళ్ళమ్మ.
ఇక్కడి పలుకు చేదు, చేదులో విషముంటుంది, వద్దన్నాను.
అమ్మ చెయ్యిని అనుమానించినట్టు చూసి
బాదంపప్పు చల్లింది.
చక్కెర గురించి నేను నోరెత్తలేదు.
ఒక్క గిన్నె తిన్నాను. రెండోది కూడా.

స్టామటిస్‌కి పప్పు గిన్నె పట్టుకెళ్ళాను.
రొట్టె ముంచుకుని తిన్నాడు, ఆలివ్ నూనె పోసుకుని.
కారానికి కళ్ళు తుడుచుకున్నాడు,
తుడుచుకుంటూ కారం కాని మాట చెప్పాడు:
కలియోపి వీటిని గొర్రెమాంసంతో ఉడికించేదని,
దాల్చిన చెక్క వేసి, మూత తియ్యనిచ్చేది కాదని.
ఒకప్పుడు ఈ వేళకి షెడ్డులో
ఊళ్ళో పిల్లలంతా పండ్లు రెండుగా కోసి
చెక్కపళ్ళాల్లో పరిచేవాళ్ళని,
వేళ్ళు బడి తెరిచేదాకా నారింజరంగులో ఉండేవని.

ఆగస్టులో చెట్లు తీయించేస్తాడట.
ఫ్యాక్టరీ ఇచ్చే డబ్బు నీళ్ళ బిల్లుకే చాలదు,
కొన్నవాళ్ళు బాదం వేస్తారు.
అతని షుగరెంతో నాకు తెలుసు,
అతని తోట ఖరీదెంతో ఇప్పుడే తెలిసింది.

ఇంటికొచ్చి బకెట్‌లో మిగిలినవి లెక్కపెట్టాను, ఎందుకో.
నలభై ఒకటి.
కొన్ని బెల్లం, ఎండుమిర్చి, ఆవాలతో పచ్చడి చేశాను,
కొన్ని పెరుగులోకి ముక్కలు కోశాను,
ఒక గింజ కుండీలో నాటి
మర్నాడు గొప్పగా చెప్పాను.

స్టామటిస్ చాలాసేపు నవ్వాడు.
గింజ నుంచి వచ్చేది తల్లిలా ఉంటుందని నమ్మకం లేదు పిల్లా,
పులుపైనా కావచ్చు, కాయకపోనూ వచ్చు.
మొలవనీ. కాండం పెన్సిలంత కానీ.
అంటు కట్టాలి.
ఆ పెద్ద చెట్టు కొమ్మొకటి, ఎవరికీ చెప్పకు,
ముందే కోసి మా అల్లుడి చెట్టుకి కట్టి ఉంచుతా.
కత్తి నేనే తెస్తా, నీ కత్తులు మొద్దు.

బకెట్ కడిగి
వాళ్ళ గుమ్మంలో బోర్లించి వచ్చాను.
అడుగున పేపరు నా దగ్గరే ఉంది.
చదవడం రాదు.
పండ్ల వాసనేస్తోంది.