ఎండ జరిగే కొద్దీ

శుక్రవారం మాకు మూడు గంటలు.
ఒంటిగంటకు మామా గేటు తీస్తుంది,
నాలుక్కి మళ్లా వేసేస్తుంది.
రానూ పోనూ బస్సు తినేది పోగా
మొగుడూ పెళ్లాంగా మాకు మిగిలేది
గంటా పది నిమిషాలు.

మాలియా బస్టాండు వెనక
మూతబడిన సెల్‌ఫోన్ అంగడి ముందర
ఒక సిమెంటు అరుగు. అదే మా కాపురం.
ఓబులేసుది సాల్మియాలో డ్రైవరు పని,
నాది జహ్రాలో వంటపని.
ఒకే దేశంలో ఉండి
చుట్టాల మాదిరి కలుసుకుంటాం.

మొన్న కొట్లాడుకున్నాం.
వాళ్లక్క కొడుక్కి బండి కొననీకె
నాకు చెప్పకుండా నూరు దినార్లు పంపినాడు.
నేను పన్ను కట్టించుకుందామని
రూపాయి రూపాయి ఏరి పెట్టుకున్న నూరు.

అరుగుకు ఈ కొసన నేను, ఆ కొసన ఆయన.
నడుమ టిఫిన్ డబ్బా, మూత తియ్యలా.
ఆగస్టు ఎండ.
చెట్టు లేదు, గోడ నీడ కూడా
మా దాకా రాదు.
నేను రోడ్డు దిక్కే చూస్తా ఉన్నా,
పోయే ప్రతి కారు నంబరూ చదువుతా.

శానాసేపటికి తెలిసింది
నా వీపు కాలడం లేదని.
ఓరకంట చూస్తే
ఎప్పుడు లేచినాడో, నా వెనక నిలబడుకోనున్నాడు,
మొహం అటు తిప్పుకొని, మాటా పలుకూ లేకుండా,
పొద్దుకూ నాకూ అడ్డంగా.
ఎండ జానెడు జరిగితే
ఆయనా జానెడు జరుగుతా ఉన్నాడు.

తప్పయిందని ఆయన అనలా. అనమని నేను అడగలా.
చొక్కా తడిసి, ఆరి, మళ్లా తడిసి
వీపు మీద ఉప్పు గీతలు తేలినాయి.
నా కోపం నాకుంది.
ఆ కోపంతోనే డబ్బా తీసి
ఎర్రకారం దోసె తుంచి
తల తిప్పకుండానే చెయ్యి వెనక్కి చాపినా.
దోసెతోపాటు వేలు కూడా కొంచెం కొరికినాడు
దొంగసచ్చినోడు.

మామా అప్పుడప్పుడూ నా బోడి మెడ చూసి
"నీ మొగుడు ఏం పెట్టినాడే నీకు?" అంటుంది.
నాకొచ్చిన అరబ్బీ వంటింటి వరకే:
ఉప్పు, నీళ్లు, బియ్యం, చాలు.
నీడకు మాట తెలీదు.
"బస్, మామా. చాలు" అంటా.
ఆమె నవ్వుతుంది, ఉల్లిగడ్డలు తరగమంటుంది.

పన్ను ఇంకా సలుపుతానే ఉంది.
ఎడమ దవడతోనే నములుతున్నా.
వచ్చే శుక్రవారం
ఆ నూరు సంగతి మళ్లా ఎత్తుతా, ఇడిసిపెట్టను.
గొడుగు మాత్రం తీసకపోను.